నాన్నగారి ఊపిరితిత్తిలో ఏడు మిల్లీమీటర్లు

  పోయినసారి నన్ను పిలిచినప్పుడు కంప్యూటర్ల గురించి మాట్లాడాను. ఈసారి ఊపిరితిత్తుల గురించి మాట్లాడతానంటే మా ఆవిడ, "మీరెప్పుడు డాక్టరయ్యారు?" అని అడిగింది. కాలేదండీ. నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. సిన్సినాటిలో ఉంటాను. నేను చెప్పబోయేది వైద్యం కాదు, ఒక కొడుకు ఏడాది పైన పడ్డ తిప్పలు, ఆ తిప్పల్లో నేర్చుకున్న నాలుగు సంగతులు. మీ ఇంటికి ఎండాకాలంలో అమ్మానాన్నలు వస్తున్నారా? అయితే కాస్త చెవి ఒగ్గండి.

2023 సెప్టెంబరులో మా అమ్మా నాన్నగారూ ఒంగోలు నుంచి వచ్చారు. నాన్నగారికి అప్పటికి 70 ఏళ్ళు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అక్టోబరులో గుమ్మడికాయల తోటకి తీసుకెళ్ళాం. మా అమ్మాయి తన బరువుకి సమానమైన గుమ్మడికాయ ఒకటి ఎంచుకుంది, తాతగారు దాన్ని ఎత్తి బండిలో పెట్టారు. ఆ రాత్రి ఛాతీలో పోటు అన్నారు. ఈ వయసులో, అంత దూరం విమాన ప్రయాణం చేసి మూడు వారాలే అయింది కదా, ఊపిరితిత్తిలో రక్తం గడ్డ కట్టిందేమోనని ఎమర్జెన్సీలో వెంటనే సీటీ స్కాను తీశారు. గడ్డ లేదు. గుండె బాగుంది. కండరం పట్టేసిందని చెప్పి, నొప్పి మాత్ర ఇచ్చి ఇంటికి పంపారు. అమ్మ వచ్చేదారిలోనే తిరుపతికి మొక్కుకుంది.

రాత్రి పదకొండున్నరకి నా ఫోను మోగింది. స్కాను రిపోర్టు వచ్చిందని. ఈ దేశంలో 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం పరీక్ష ఫలితాలను ఆసుపత్రి వాళ్ళు అట్టిపెట్టుకోకూడదు, సిద్ధమైన వెంటనే పేషెంటుకి అందుబాటులో పెట్టాలి. మంచి నిబంధనే. కాకపోతే డాక్టరు కంటే ముందు మనం చదువుతాం, అదీ అర్ధరాత్రి, ఒంటరిగా. రిపోర్టులో చివరి వాక్యం ఇది: కుడి ఊపిరితిత్తి పై భాగంలో ఏడు మిల్లీమీటర్ల గట్టి నాడ్యూల్ ఉంది, తిరిగి స్కాను తీయించవలెను.

తెల్లవారుజామున మూడింటి దాకా నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఏం చదివి ఉంటానో మీకు చెప్పక్కర్లేదు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. నాడ్యూల్ అంటే ఒక చిన్న బుడిపె. స్కానులో ఊపిరితిత్తి నల్లగా, గాలితో నిండి కనిపిస్తుంది, అందులో గుండ్రంగా తెల్లటి చుక్క కనిపిస్తే దాన్ని నాడ్యూల్ అంటారు. 30 మిల్లీమీటర్ల దాకా ఆ పేరే. అది దాటితే పేరూ మారుతుంది, డాక్టరు మొహమూ మారుతుంది. ఏడు మిల్లీమీటర్లంటే బఠాణీ గింజంత. నాడ్యూల్ అనేది జబ్బు పేరు కాదు, కనిపించిన ఆకారం పేరు. అది పాత టీబీ మచ్చ కావచ్చు, ఏదో ఫంగస్ వల్ల మిగిలిన గుర్తు కావచ్చు, చిన్న లింఫ్ గ్రంథి కావచ్చు, హామర్టోమా అనే హాని లేని గడ్డ కావచ్చు, క్యాన్సరు కూడా కావచ్చు. ఆ రాత్రి నాకు చివరిది ఒక్కటే కనిపించింది.

మరి ఎంతమందిలో అది క్యాన్సరు అవుతుంది? అమెరికాలో 2002లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి బాగా సిగరెట్లు తాగిన 53 వేల మందికి పైగా తీసుకుని, సగం మందికి ఏటా సీటీ స్కాను, సగం మందికి ఎక్స్‌రే చొప్పున మూడేళ్ళు తీశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సీటీ స్కానుల్లో నూటికి దాదాపు 24 స్కానుల్లో అనుమానించదగ్గది ఏదో ఒకటి కనిపించింది. వాటిలో నూటికి 96 క్యాన్సరు కాదని తేలింది. గుర్తుపెట్టుకోండి, వీళ్ళందరూ పెట్టెలు పెట్టెలు ఊదినవాళ్ళు. అదే అధ్యయనంలో ఎక్స్‌రే గుంపుతో పోలిస్తే సీటీ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సరు చావులు 20 శాతం తగ్గాయి. అంటే చుక్కల్లో చాలావరకు ఏమీ కావు, అయినా చుక్కల్ని పట్టించుకోవడం వల్ల ప్రాణాలు నిలిచాయి. ఈ రెండు మాటల్లో ఒకటే వినిపించుకున్నవాళ్ళు మా బంధువుల్లో బోలెడుమంది. డాలస్‌లో ఉన్న మా కజిన్ వెంటనే పెద్ద క్యాన్సరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. గుంటూరు పిన్ని, "పాలల్లో పసుపు వేసుకుని తాగమను, అంతా కరిగిపోతుంది" అంది. నాకు ఇద్దరి మీదా ప్రేమే గానీ, ఇద్దరిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈ చుక్క ఇదివరకు కూడా ఉందా?

రెండు వారాలకి ఊపిరితిత్తుల డాక్టరు అపాయింటుమెంటు దొరికింది. నాన్నగారు, నేను, మా ఆవిడ వెళ్ళాం. డాక్టరమ్మ వయసులో చిన్నదే, ఓపిక మాత్రం పెద్దది. నాన్నగారి వైపు తిరిగి, ఎప్పుడైనా సిగరెట్టు తాగారా అని ఇంగ్లీషులో అడిగింది. నేను ఆయన్ని అడగనే లేదు. "లేదు, ఎప్పుడూ లేదు" అని నేనే చెప్పేశాను. ఆయన నోట్లో సిగరెట్టు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు మరి. నాన్నగారు తలొంచుకుని చేతి గడియారం సర్దుకున్నారు. తర్వాత ఆవిడ, ఇంతకుముందు ఛాతీ స్కాను ఏదైనా తీశారా అంది. దానికీ నేనే "లేదు" అన్నాను.

రెండూ తప్పే.

మొదటి తప్పు ఇంటికొచ్చే దారిలో, హైవే మీద బయటపడింది. వెనక సీట్లో మా ఆవిడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉంది. నాన్నగారు చాలాసేపు కిటికీలోంచి చూసి, చూసి, "ఒరేయ్, ఆ డాక్టరమ్మకి నువ్వు చెప్పింది తప్పురా" అన్నారు. కాలేజీ రోజుల్లో మొదలుపెట్టారట, 1971లో. చార్మినార్. రోజుకో ప్యాకెట్టు. ఇంట్లో ఎప్పుడూ కాదు, స్కూలు వెనకాల, బస్‌స్టాండు బంకు దగ్గర. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు, 1993లో, మానేశారు. అమ్మకి తెలుసు. నాకూ అక్కకీ తెలియదు. కోడలి ముందు ఆ మాట ఎలా చెప్పాలో ఆయనకి తోచలేదు. 35 ఏళ్ళు పిల్లలకి నీతులు చెప్పిన మనిషి.

నేను తప్పు పట్టింది ఆయన్ని కాదు, నన్ను. మనం మన పెద్దవాళ్ళకి దుబాసీలుగా కూర్చున్నప్పుడు మాట మార్చడం లేదనుకుంటాం గానీ, అసలు మాట వాళ్ళదాకా పోనివ్వం. మీకు తెలియకపోతే చెబుతున్నాను: ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు భాష రాని పేషెంటుకి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచీ ఉన్న బాధ్యత అది. అపాయింటుమెంటు తీసుకునేటప్పుడే తెలుగు కావాలని చెప్పండి. ఫోనులోనో వీడియోలోనో ఎవరో ఒకరు వస్తారు. మాకు రెండోసారి వెళ్ళినప్పుడు ఫోనులో ఒకావిడ వచ్చారు, చక్కటి గోదావరి యాస. నన్నూ మా ఆవిడనీ బయట కూర్చోమన్నారు. నాన్నగారు అరగంట మాట్లాడారు. సిగరెట్ల సంగతి చెప్పారు. దానితోపాటు మా ఇంట్లో ఎవరం ఎన్నడూ విననిది ఇంకోటి చెప్పారు: 1968లో మా పెదనాన్నకి టీబీ వచ్చిందనీ, అప్పట్లో పెళ్ళి సంబంధాలు పోతాయని ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా దాచారనీ, ఇద్దరూ ఏడాదిపాటు ఒకే గదిలో పడుకున్నారనీ.

ఈ రెండు ముక్కలూ ఎందుకు ముఖ్యమో చెబుతాను. నాడ్యూల్‌ని ఏం చేయాలనేది దాని సైజు మీదే కాదు, మనిషి మీద కూడా ఆధారపడుతుంది. వయసు, పొగ అలవాటు, ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సరు ఉందా, చుక్క అంచులు నున్నగా ఉన్నాయా, లేక సూర్యుడి బొమ్మకి గీతలు గీసినట్టు పీచులు పీచులుగా ఉన్నాయా, ఎక్కడ ఉంది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పై భాగంలో ఉంటే క్యాన్సరు అనుమానం కాస్త ఎక్కువ. కానీ మన దేశం నుంచి వచ్చినవాళ్ళ దగ్గర ఒక చిక్కుంది. టీబీకి కూడా ఆ పై భాగమే ఇష్టం. ఆ సంగతి నాకు డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. అన్నట్టు, మా ఒహాయో నది చుట్టుపక్కల మట్టిలో పక్షుల రెట్టల్లో, గబ్బిలాల రెట్టల్లో పెరిగే ఫంగస్ ఒకటుంది, హిస్టోప్లాస్మా. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళలో ఎంతోమందికి ఊపిరితిత్తుల్లో దాని మచ్చలుంటాయట. "స్కాను తీసేనాటికి మీ నాన్నగారు వచ్చి నెల కాలేదు గనక ఇది మా మట్టిది కాదు, మీ మట్టిదే" అని ఆవిడ నవ్వింది. పన్నెండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను గనక నా ఛాతీలో ఎన్ని చుక్కలున్నాయో ఎవరికి తెలుసు.

సిగరెట్ల లెక్క దగ్గర ఇంకో చిన్న పొరపాటు దొర్లబోయింది. ఇక్కడ డాక్టర్లు రోజుకి ఎన్ని పెట్టెలు, ఎన్నేళ్ళు అని గుణించి రాసుకుంటారు. రోజుకో పెట్టె, 22 ఏళ్ళు అంటే 22 అని రాసుకున్నారు. ఇక్కడ పెట్టెకి 20 సిగరెట్లు. నాన్నగారి చార్మినార్ ప్యాకెట్టులో పది. లెక్కల మాస్టారు కదా, ఆయనే సర్దారు: ఇరవై రెండు కాదు, పదకొండు అని. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ప్యాకెట్టు అంటే ఎన్ని అని అడగండి, బీడీ కట్ట అంటే ఎన్ని అని కూడా అడగండి. చుట్టల సంగతి సరే సరి. "సిగరెట్టు తాగుతారా" అంటే "లేదు" అని నిజాయితీగా చెప్పి, రోజుకి నాలుగు చుట్టలు కాల్చే తాతయ్యలు మనకి కొత్త కాదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డ పొగ తాగే అమ్మమ్మలని ఏ ఫారంలోనూ ఎవరూ అడగరు. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్న ఆడవాళ్ళు సిగరెట్టు ముట్టకపోయినా ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

ఇక డాక్టర్లు పాటించే లెక్క. ఛాతీ స్కానులు చదివే నిపుణుల సంఘం ఒకటుంది, ఫ్లైష్నర్ సొసైటీ అని, 1969లో పెట్టారు. వాళ్ళు 2005లో ఒక సూచన ఇచ్చి, 2017లో దాన్ని సవరించారు. అనుకోకుండా కనబడిన నాడ్యూల్‌కి ఎప్పుడు మళ్ళీ స్కాను తీయాలో చెప్పే పట్టిక అది. 35 ఏళ్ళు దాటి, క్యాన్సరు చరిత్ర లేకుండా, రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవాళ్ళకి. ఒకే ఒక్క గట్టి చుక్క ఆరు మిల్లీమీటర్ల లోపు ఉండి, ప్రమాదం తక్కువున్న మనిషైతే ఏమీ చేయక్కర్లేదు. ఇంటికి పోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంటే ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి తీయాలి. పొగ అలవాటులాంటివి ఉన్నవాళ్ళకి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ మధ్య ఇంకోసారి తప్పనిసరి, లేనివాళ్ళకి ఆ రెండోది డాక్టరు ఇష్టం. ఎనిమిది దాటితే మూడు నెలలకే స్కానో, పెట్ స్కానో, సూదితో ముక్క తీసి చూడడమో ఆలోచిస్తారు. చుక్క గట్టిగా కాకుండా పొగమంచులా పలచగా ఉంటే లెక్క వేరు, అలాంటివి చాలా నెమ్మదిగా కదులుతాయి గనక ఐదేళ్ళ దాకా చూస్తారు. మాది ఏడు, గట్టిది. నేను "తాగలేదు" అని చెప్పినప్పుడు ఇష్టమైతే అన్న రెండో స్కాను, "తాగారు" అన్నాక తప్పనిసరి అయింది. నా ఒక్క మాట తేడా.

"ఏడాది ఆగడమెందుకు, ఇప్పుడే తీసేయొచ్చుగా" అని నేనడిగాను. మీరూ అడుగుతారు. ఆవిడ చెప్పింది ఇది. సూదితో ముక్క తీయడం అంటే ఛాతీ గోడ దాటి గాలి సంచిలోకి సూది పోవాలి. గాలి బయటికి కారి ఊపిరితిత్తి ముడుచుకుపోయే అవకాశం ఉంది. పైగా బఠాణీ గింజంతదానికి గురి పెట్టడం కష్టం. తగలకపోతే వచ్చే "ఏమీ లేదు" అనే జవాబుని నమ్మడానికి లేదు. పెట్ స్కాను చక్కెరని ఎక్కువగా తినే కణాల్ని వెలిగించి చూపిస్తుంది, కానీ ఎనిమిది మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిలో దాన్ని నమ్మలేం. మన దగ్గర ఇంకో సమస్య, టీబీ కూడా అందులో దీపంలా వెలుగుతుంది. రక్తంలో టీబీ పరీక్ష చేసినా, ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరిందని చెబుతుంది గానీ ఈ చుక్క దానిదేనని చెప్పదు. ఇటు తిప్పీ అటు తిప్పీ చూస్తే మిగిలిన నమ్మకమైన పరీక్ష కాలమే. క్యాన్సరైతే పెరుగుతుంది. మచ్చ అయితే ఉన్నచోట ఉంటుంది.

ఇక్కడే నాలోని సాఫ్ట్‌వేర్ వాడు లేచి కూర్చున్నాడు. మా పనిలో ఒక ప్రోగ్రాము ఎందుకు చెడిందో తెలియకపోతే ముందు చేసేది దాని పాత కాపీ తెచ్చి, కొత్తదాని పక్కన పెట్టి, ఏది మారిందో చూడడం. ఒక్క కాపీని ఎంతసేపు చూసినా లాభం లేదు. స్కాను కూడా అంతే. ఒక స్కాను ఒక ఫోటో. రెండుంటేనే కథ.

"పాత స్కాను లేదు" అని నేను చెప్పిన రెండో అబద్ధం బయటపడింది మా వంటింట్లో. అమ్మ పప్పు తాలింపు వేస్తూ, "కరోనా అప్పుడు గొట్టంలోకి పంపించి తీశారే, అది స్కానింగు కాదురా?" అంది. అవును కదా! 2021 మే నెల, సెకండ్ వేవ్. ఆ రోజుల్లో మన ఊళ్ళలో దగ్గిన ప్రతివాడికీ ఛాతీ సీటీ తీశారు, పాతికకి ఎంత స్కోరు వచ్చిందని ఇంటింటా అదే మాట. నాన్నగారికి పాతికకి ఏడు. మా బుర్రల్లో అది "కరోనా పరీక్ష". ఊపిరితిత్తుల స్కాను అని ఎవరికీ తట్టలేదు. ఈ మాట వింటున్నవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో అలాంటి కవరు ఒకటి బీరువా మీద దుమ్ము పట్టి ఉందని పందెం కాస్తాను.

ఒంగోల్లో మా బావకి ఫోను చేశాను. పాపం ఆయన మర్నాడే తాళం తీసి, బీరువా మీద వెతికితే కవరు దొరికింది. మొదట ఆయన ఫిల్ముని కిటికీకి అడ్డంగా పట్టుకుని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. దానివల్ల ఉపయోగం లేదండీ. ఫిల్ము మీద బొమ్మలు తపాలా బిళ్ళలంత ఉంటాయి, ఏడు మిల్లీమీటర్ల చుక్క అందులో ఎక్కడ కొలుస్తారు? రిపోర్టు కాగితమూ చాలదు. కావలసింది అసలు బొమ్మల ఫైళ్ళు, డైకామ్ అంటారు, వందల కొద్దీ ఉంటాయి. అవి కవర్లో ఉన్న సీడీలో ఉన్నాయి. సీడీ పెట్టే కంప్యూటరు ఇప్పుడెవరింట్లో ఉంది? పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియో వాళ్ళ దగ్గర దొరికింది. బావ అక్కడ కూర్చుని మొత్తం కాపీ చేయించి ఇంటర్నెట్‌లో ఎక్కించారు. స్కాను తీసిన సెంటరులో అడిగితే, అంత పాతవి తమ దగ్గర ఉండవన్నారు. ఆ గీతలు పడ్డ సీడీ ఒక్కటే దిక్కు.

ఇక్కడి ఆసుపత్రి వాళ్ళు ఆ ఫైళ్ళు తీసుకుని పక్కపక్కన పెట్టి చూశారు. చుక్క ఉంది. 2021లోనూ ఉంది, అదే చోట. ఆ నాటి రిపోర్టులో ఒక్క ముక్క రాయలేదు. ఆ నెలలో ఆ డాక్టర్లు రోజుకి ఎన్ని స్కానులు చదివారో తలుచుకుంటే నాకు కోపం రాలేదు. కొలత మాత్రం నన్ను మళ్ళీ కుర్చీలోంచి లేపింది. అప్పుడు ఆరు మిల్లీమీటర్లు. ఇప్పుడు ఏడు.

పెరిగింది కదా! అడ్డంకొలత ఆరు నుంచి ఏడైతే, ఘనపరిమాణం దాదాపు 60 శాతం పెరిగినట్టు. నాన్నగారే కాగితం మీద వేసి చూపించారు, చెయ్యి వణకకుండా. డాక్టరమ్మ ఆ కాగితం చూసి ముచ్చటపడి, తన లెక్క చెప్పింది. అడ్డంకొలత 26 శాతం పెరిగితే ఘనపరిమాణం రెట్టింపవుతుంది. గట్టి నాడ్యూల్ క్యాన్సరైతే మామూలుగా 400 రోజుల లోపు రెట్టింపవుతుంది. మీరు చెప్పిన ఈ పెరుగుదల నిజమే అనుకున్నా, 29 నెలల్లో ఇంతే పెరిగిందంటే రెట్టింపవడానికి మూడున్నరేళ్ళు పడుతుంది. క్యాన్సరుకి అంత ఓపిక సాధారణంగా ఉండదు. పైగా ఒక మిల్లీమీటరు తేడా కొలతలో వచ్చే పొరపాటు కావచ్చు. రెండు మిల్లీమీటర్లన్నా మారితే గానీ పెరిగిందని తేల్చరు. 2021 స్కాను ముక్కలు మందంగా కోసినది. సొరకాయని లావుగా తరిగితే గింజ ఏ ముక్కలో ఎక్కడ తెగిందో తెలియదు, పలచగా తరిగితే గింజ పూర్తి ఆకారం తెలుస్తుంది, అలాగన్నమాట. అందుకని, గట్టి చుక్క రెండేళ్ళు కదలకుండా ఉంటే మామూలుగా వదిలేస్తారు గానీ, పాతది మందం స్కాను గనక ఏడాదికి ఒక్కసారి పలచటి ముక్కలతో తీయించి చూద్దాం అంది. తక్కువ మోతాదు స్కాను, ఇంజెక్షను రంగు అక్కర్లేదు. రేడియేషను గురించి భయపడేవాళ్ళకి: తక్కువ మోతాదు ఛాతీ సీటీలో ఒంటికి తగిలేది సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్టులు. ఏమీ చేయకుండా భూమ్మీద తిరిగినందుకు ఏడాదికి మనకి తగిలేది సుమారు మూడు.

ఆ ఏడాది స్కాను అమెరికాలో కాదు, గుంటూరులో. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఆరు నెలలు గడిస్తే తిరుగు ప్రయాణమే కదా. మేం కొన్న ట్రావెల్ ఇన్సూరెన్సు వాళ్ళు ఎమర్జెన్సీ బిల్లు కట్టారు గానీ, తర్వాత స్కానులు "అకస్మాత్తుగా వచ్చిన జబ్బు" కిందికి రావన్నారు. అక్కడ తీయిస్తే ఇక్కడి ఖర్చులో చిన్న ముక్క. నాన్నగారు 2024 ఫిబ్రవరిలో వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పాత సీడీ, కొత్త సీడీ, రెండు రిపోర్టులు, ఒక పెన్‌డ్రైవులో అన్నిటి నకలు పెట్టాను. బాదంపప్పు పొట్లాలు తగ్గించి మరీ.

నిజంగా ప్రమాదం మొదలయ్యేది అక్కడ అని నా అభిప్రాయం. మా ఆఫీసులో చెడిపోయినదాన్ని అందరం పడి బాగుచేస్తాం, బాగున్నదాని జోలికి ఎవరూ పోరు. "చూస్తూ ఉండాలి" అని రాసి పక్కన పెట్టినవే తప్పిపోతాయి. నాడ్యూల్ నొప్పి పుట్టదు. దగ్గు రాదు. మనిషి ఊరు మారతాడు, డాక్టరు మారతాడు, గుర్తుచేసేవాళ్ళుండరు. మన దగ్గర ఇంకోటి కూడా జరుగుతుంది. పై భాగంలో మచ్చ కనిపించింది గనక టీబీయే అనుకుని, కఫంలో క్రిమి కనపడకపోయినా ఆరు నెలలు టీబీ మందులు మింగించి, అప్పుడు తీరిగ్గా మళ్ళీ స్కాను తీస్తే అది టీబీ కాదని తేలిన కేసులు మన దేశంలో కొత్త కాదు. ఊరికే మందు మొదలుపెడతామంటే, దేని ఆధారంతో అని మర్యాదగా అడగండి. ఇంకో మాట. కళ్ళెలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, తగ్గని దగ్గు పట్టుకున్నా స్కాను తేదీ కోసం కూర్చోవద్దు, వెంటనే వెళ్ళాలి.

నా ఫోనులోనూ, బావ ఫోనులోనూ, అక్క ఫోనులోనూ 2024 అక్టోబరు 15న మోగేటట్టు పెట్టాను. మోగింది. "దసరా ఇప్పుడే అయింది, అలసిపోయాను" అన్నారు నాన్నగారు. తర్వాత "కార్తీకమాసం వెళ్ళనీ" అన్నారు. ఆయనకి భయమని నాకు అర్థమవడానికి ఇంకో రెండు ఫోన్లు పట్టింది. చివరికి అమ్మే, "నువ్వు కదలకపోతే నేనూ అన్నం తినను" అని పాత ఆయుధం తీసింది. డిసెంబరులో బావ కారులో గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరుగారు మూడు స్కానులూ ఒకే తెర మీద పెట్టి, బావకి వీడియో కాలులో నేను ఉండగానే చుక్క మీద వేలు పెట్టి చూపించారు. 2021, 2023, 2024. ఏడు మిల్లీమీటర్లు. కదల్లేదు. "ఇక దీని కోసం రానక్కర్లేదు మాస్టారూ" అన్నారు.

నాన్నగారు ఫోను దగ్గరికి తీసుకుని, "విన్నావా?" అన్నారు. విన్నానన్నాను. తర్వాత కాసేపు ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

పోయినసారి ఒంగోలు వెళ్ళినప్పుడు చూశాను. ఆ కవరు ఇప్పుడు బీరువా మీద లేదు, బీరువా లోపల, పొలం కాగితాల పక్కన ఉంది. మీద ఎర్ర సిరాతో, ఆన్సరు పేపర్లు దిద్దినప్పటి చేతిరాతతో, "ఊపిరితిత్తుల స్కానులు, 3. పారవేయరాదు" అని రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టారు.